గోడ తీయాలన్నా పర్మిషన్ కావాలా? ఇంటి పనులకు మున్సిపల్ అనుమతులు ఎప్పుడు, ఎందుకు

సొంత స్థలం, సొంత డబ్బు, మధ్యలో మున్సిపాలిటీకి ఏం పని? ఇల్లు కట్టేవాళ్లలో ఈ మాట అనని వాళ్లు తక్కువ. బాత్రూమ్‌లో టైల్స్ మార్చడానికి కూడా పర్మిషన్ కావాలేమోనని టెన్షన్ పడేవాళ్లు కొందరు. మేడ మీద ఇంకో రెండంతస్తులు లేపుతూ కూడా "పాత ఇల్లే కదండీ" అనేవాళ్లు ఇంకొందరు. అసలు గీత ఎక్కడుందో ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. మేస్త్రీని అడిగితే ఒకటి చెబుతాడు, కాంట్రాక్టర్ ఇంకోటి చెబుతాడు, ఆఫీసుకు వెళితే ప్లాన్ గీయించుకు రమ్మంటారు.

ఆ గీత ఖర్చును బట్టి ఉండదు. 20 లక్షలు పోసి ఇంటీరియర్ చేయించుకున్నా పర్మిషన్ అక్కర్లేకపోవచ్చు. లక్ష రూపాయల్లో మేడ మీద రేకుల గది వేస్తే కావాలి. చూసుకోవాల్సినవి మూడే ప్రశ్నలు. ఇంటి బరువు మోసే భాగం దేన్నయినా కదిలిస్తున్నామా? ఇంటి బయటి కొలత, అంటే ఎత్తుగానీ వెడల్పుగానీ, మారుతోందా? ఇంటి వాడకం మారుతోందా? మూడింటికీ "లేదు" అన్న జవాబే వస్తే చాలావరకు నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు. ఒక్కదానికి "అవును" అని వచ్చినా ఆగి, లైసెన్స్ ఉన్న ఇంజినీరునో ఆర్కిటెక్టునో కలవాలి.

పర్మిషన్ అక్కర్లేని పనులు తక్కువేం కాదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఈ జాబితా స్పష్టంగా ఉంది. సున్నాలు, రంగులు, ప్లాస్టరింగ్, అతుకుల పని, ఫ్లోరింగ్ మార్చడం, ఫాల్స్ సీలింగ్, లోపల పార్టిషన్లు, గదికీ గదికీ మధ్య తలుపు పెట్టడం, గోడలో కొత్తగా కిటికీ తెరవడం లేదా ఉన్నదాన్ని మూసేయడం, తోట పని వంటివి అందులోకి వస్తాయి. అయితే దానికో షరతు ఉంది. ఆ పని వల్ల కట్టడం బలానికిగానీ, అగ్నిప్రమాద రక్షణకుగానీ, గాలీ వెలుతురూ వంటి కనీస అవసరాలకుగానీ భంగం రాకూడదు. మనవాళ్లు జాబితా చదివి, షరతు చదవకుండానే ఆగిపోతుంటారు. చిక్కులన్నీ ఆ షరతు దగ్గరే మొదలవుతాయి.

గోడలన్నీ ఒకటి కాదు

"హాలు చిన్నగా ఉంది, పక్క బెడ్‌రూమ్ గోడ తీసేద్దాం" అన్న ఆలోచననే తీసుకుందాం. అది ఏ కాలపు ఇల్లు, ఎలా కట్టారు అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది.

పిల్లర్లు లేకుండా కట్టిన పాత ఇళ్లు మన ఊళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో 9 అంగుళాల, అంతకంటే మందపు ఇటుక గోడలే స్లాబును మోస్తాయి. అక్కడ గోడ తీయడమంటే స్లాబు కింద ఆధారం లాగేయడమే. తర్వాత వచ్చిన పిల్లర్, బీమ్ కట్టడాల్లో లోపలి నాలుగున్నర అంగుళాల గోడలు ఎక్కువగా గదులను విడదీయడానికే ఉంటాయి. వాటిని తీసినా కట్టడం నిలబడుతుంది. కానీ ఆ గోడ మీద బీమ్ ఎలా వెళ్లిందో, పై అంతస్తులో దాని మీదే ఇంకో గోడ కూర్చుందో లేదో చూడకుండా సుత్తి వేయకూడదు.

మూడో రకం ఇప్పుడు హైదరాబాద్ టవర్లలో మామూలైపోయింది. అల్యూమినియం ఫ్రేములు బిగించి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసే పద్ధతి అది. అందరూ మైవాన్ అంటారు. వాటిలో దాదాపు ప్రతి గోడా కాంక్రీటే, బరువు మోసేదే. కొత్త ఫ్లాట్ తీసుకోగానే ఓపెన్ కిచెన్ కోసమో, ఏసీ పైపు కోసమో ఆ గోడలను కోయించేస్తున్నారు. ఫ్లాటు నాదే కదా అనుకుంటారు. కానీ ఆ గోడ పై 20 అంతస్తుల వాళ్లది కూడా. ఇలాంటి చోట బిల్డర్ ఇచ్చిన స్ట్రక్చరల్ డ్రాయింగ్, స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వక సలహా, అసోసియేషన్ అంగీకారం లేకుండా రంధ్రం కూడా వేయించకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్ నగరానికి వర్తించే జీహెచ్‌ఎంసీ చట్టం 1955 నాటిది. మామూలు మరమ్మతులకూ, ఇంటి భాగాన్ని తొలగించి తిరిగి కట్టే పనులకూ అది మొదటినుంచీ తేడా చూపిస్తోంది. మొదటివి ఇంటివాడి ఇష్టం. రెండోవాటికి ముందుగా కమిషనర్‌కు తెలియజేయాలి. రోడ్డు వైపు గోడ పడగొట్టి కట్టినా, ఇంటికి కొత్తగా ఏ భాగం చేర్చినా అంతే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది పాత ఇంటి మీద అంతస్తులు లేపడం. అబ్బాయి పెళ్లికి పైన ఒక పోర్షన్ వేద్దామనుకోవడం సహజం. కింద ఇల్లు కట్టినప్పుడు పునాది ఎన్ని అంతస్తుల కోసం వేశారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, కాగితం కూడా ఉండదు. "పిల్లర్లు గట్టిగానే ఉన్నాయి సార్" అన్న మాట మీద పని మొదలవుతుంది. 2016 డిసెంబర్‌లో నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. శిథిలాల కింద పోయినవాళ్లు పొట్టకూటికి వచ్చిన కూలీ కుటుంబాలవాళ్లు. 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న భవనం కూలినప్పుడు కూడా ప్రాణాలు పోయింది కార్మికులవే. పర్మిషన్ అంటే ఫీజుల గొడవ అని మనం అనుకుంటాం. ప్లానుతో పాటు స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం అడిగేది ఇలాంటివి జరగకుండా ఉండడానికే.

పక్కింటి పునాది కూడా మన బాధ్యతలోకే వస్తుంది. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో బక్కపలచగా నిలబడిన ఒక అయిదంతస్తుల ఇల్లు ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. దానికి ఆనుకుని ఉన్న ప్లాటులో పిల్లర్ల కోసం గోతులు తవ్వుతున్నారు. అద్దెకున్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు, తర్వాత భవనాన్ని అధికారులే కూల్చేశారు. అంత చిన్న స్థలంలో అన్ని అంతస్తులు వేయడం ఒక తప్పు, పక్కన రక్షణ లేకుండా తవ్వడం ఇంకో తప్పు. రెండూ కలిసి, ఆ రెండు తప్పులతో ఏ సంబంధమూ లేని అద్దె కుటుంబాలను రోడ్డున పడేశాయి.

వదలాల్సిన జాగా లెక్క

రెండో ప్రశ్న బయటి కొలతలది. తెలంగాణలో దీనికి ఆధారం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీఓ 168, ఆ తర్వాత వచ్చిన సవరణలు. ఆంధ్రప్రదేశ్‌లో విభజన తర్వాత 2017లో జీఓ 119 కింద వేరే నియమాలు వచ్చాయి. ఒక లెక్క వేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు ఉన్న 150 గజాల ప్లాటు అనుకుందాం. అంటే సుమారు 125 చదరపు మీటర్లు. జీఓ 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, మామూలు కాలనీ రోడ్డు మీద, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ఎత్తు 10 మీటర్లు దాటకూడదు. అడుగుల్లో చెప్పాలంటే ముందు దాదాపు 5 అడుగులు, మిగతా వైపులా 3 అడుగుల 3 అంగుళాలు. అవి పోగా ఇల్లు కట్టుకోవడానికి మిగిలేది సుమారు 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, 36 అడుగుల 9 అంగుళాల లోతు. అంతస్తుకు 860 చదరపు అడుగుల చొప్పున గ్రౌండ్, పైన రెండు వస్తాయి.

ఇక్కడే మనసు లాగుతుంది. ఒక పక్క గోడను హద్దు దాకా జరిపితే దాదాపు 120 చదరపు అడుగులు కలుస్తాయి, ఒక చిన్న గది వస్తుంది. పక్కవాళ్లు అలాగే కట్టారు, మనమెందుకు వదలాలి అనిపిస్తుంది. కట్టాక కొలతల్లో తేడా వస్తే నిబంధనలు జరిమానాతో చూసీచూడనట్టు పోయేది ముందువైపు కాకుండా మిగతా వైపుల్లో 10 శాతం వరకే. ఒక మీటరులో 10 శాతమంటే 10 సెంటీమీటర్లు, మన కొలతలో 4 అంగుళాలు. మేస్త్రీ చెయ్యి కాస్త పక్కకు పోతే వచ్చేంత తేడా అది. ఒక గదికి సరిపడా తేడా కాదు.

ఆ మూడడుగుల సందు వృథా అని చాలామంది బాధపడతారు. అది మన కిటికీకీ పక్కింటి కిటికీకీ వచ్చే గాలి. పైపు పగిలితే ప్లంబర్ దిగే దారి. మంటలు రేగితే పక్కింటికి అంటుకోకుండా ఆపే ఖాళీ. మెట్లు, టాయిలెట్, జనరేటర్, రేకుల వంటగది తెచ్చి అందులో పెట్టడం కూడా ఉల్లంఘనే. ఇక ఇంటి ముందు కారు ఎక్కడానికి రోడ్డు మీదికి పోసే ర్యాంపు అయితే సొంత స్థలంలో కూడా కాదు, వీధిలో ఉన్నట్టు.

వాడకం మారడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్టిల్ట్ పార్కింగ్‌లో, అంటే పిల్లర్ల మధ్య బళ్ల కోసం వదిలిన కింది భాగంలో, షట్టర్ బిగించి షాపు అద్దెకివ్వడం, ఇంటిని హాస్టల్‌గానో స్కూల్‌గానో మార్చడం, ఒక ఇటుక కూడా కదలకపోయినా పర్మిషన్ పరిధిలోకి వస్తాయి. ఒక కుటుంబానికి సరిపడే మెట్లు 60 మంది పిల్లలు ఒక్కసారి దిగడానికి సరిపోవు.

ఒక్క రూపాయి నుంచి 21 రోజుల దాకా

ఇప్పుడు పర్మిషన్ ఎలా తీసుకోవాలన్న సంగతి. ఇరవై ఏళ్ల కిందట ఇల్లు కట్టినవాళ్ల అనుభవంతో ఇప్పటి పద్ధతిని పోల్చకూడదు. తెలంగాణలో 2020 నవంబర్‌లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల వ్యవస్థ వచ్చాక చిన్న ఇళ్లకు ఆఫీసు చుట్టూ తిరిగే పని చాలావరకు తప్పింది. 2025 నుంచి బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ దాని స్థానంలోకి వచ్చింది. అసలు చట్టం 2020 నాటిదే.

75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు లోపు, గ్రౌండ్ మీద ఒక్క అంతస్తు వరకు కట్టుకునేవాళ్లకు పర్మిషనే అక్కర్లేదన్నది ఆ చట్టం తెచ్చిన పెద్ద మార్పు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు, వివరాలన్నీ నిజమేనని యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే అప్పటికప్పుడు అనుమతి పత్రం వస్తుంది. అంతకు మించినవి సింగిల్ విండోలోకి, అంటే అన్ని శాఖల అనుమతులూ ఒకే చోట చూసే పద్ధతిలోకి, వెళతాయి. వాటి మీద 21 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో ఇదే దారి పట్టింది. 18 మీటర్ల ఎత్తు లోపు, 4,000 చదరపు మీటర్ల లోపు స్థలాల్లో భవనాలకు స్వీయ ధ్రువీకరణ పథకం తెచ్చింది. దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే. సందేహాలుంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు.

ఈ సులువు వెనుక ఒక పెద్ద మార్పు జరిగింది. దాన్ని ఎవరూ విడమరచి చెప్పకపోవడమే నాకు బాధ. పూర్వం అధికారి స్థలానికి వచ్చి, చూసి, సంతకం పెట్టేవారు. తప్పు జరిగితే ఆయన్నీ అడగవచ్చు. ఇప్పుడు ముందు సంతకం పెట్టేది మనం. ఈ స్థలం నాదే, ఇది ప్రభుత్వ భూమి కాదు, చెరువులో లేదు, మాస్టర్ ప్లాన్ రోడ్డు దీని మీదుగా వెళ్లడం లేదు, నేను చూపించిన ప్లాన్ ప్రకారమే కడతాను అని హామీ ఇస్తున్నాం. అధికారులు చూసేది ఆ తర్వాత. అందులో ఒక్క మాట అబద్ధమని తేలితే అనుమతి చెల్లదు. స్వీయ ధ్రువీకరణను ఉల్లంఘిస్తే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం తెలంగాణ చట్టంలో రాసి ఉంది. దరఖాస్తు మొత్తం కన్సల్టెంట్‌కు అప్పగించి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పేసి ఊరుకుంటున్నవాళ్లకు తాము ఏ హామీ ఇచ్చారో తెలియడం లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఊళ్లో బావమరిదికి జీపీఏ, అంటే తమ తరఫున పనులు చేసే అధికార పత్రం, ఇచ్చి ఇల్లు కట్టిస్తున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. దరఖాస్తు పేరు వాళ్లదే అవుతుంది కాబట్టి సమర్పించిన ప్లాన్ పీడీఎఫ్ తెప్పించుకుని చదవాలి. అమెరికాలో చాలా నగరాల్లో వాటర్ హీటర్ మార్చడానికే పర్మిట్ అడుగుతారు, ఆ అలవాటు వాళ్లకు ఎలాగూ ఉంటుంది.

చెరువుల సంగతి వేరుగా చెప్పాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్, అంటే నిండు మట్టపు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 10 మీటర్ల వెడల్పు మించిన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. 2024 జూలైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక, ఇలా వదలాల్సిన జాగాను చెప్పే బఫర్ జోన్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. "మా దగ్గర పర్మిషన్ ఉంది" అన్నది అక్కడ పూర్తి రక్షణ కాదు. తప్పుడు వివరాలతో వచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చు. ప్లాటు కొనేముందే సర్వే నంబరు పట్టుకుని చెరువు హద్దుల మ్యాపు చూసుకోవడానికి పట్టే సమయం ఎంతో కాదు.

పర్మిషన్ వచ్చాక కథ అయిపోలేదు

ఆఫీసుకు ఇచ్చే ప్లాన్ ఒకటి, మేస్త్రీ చేతిలో ఉండే ప్లాన్ ఇంకొకటి. ఈ అలవాటు మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, కొందరు ఇంజినీర్లే రెండు ప్లాన్లకు కలిపి ఫీజు చెబుతారు. ఇల్లు పూర్తయ్యాక తీసుకోవాల్సిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, దగ్గర అది బయటపడుతుంది. చిన్న ఇళ్లను వదిలేస్తే, కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని ముందుగానే మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకునేది ఇందుకే. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తీసుకుంటేనే అది విడుదలవుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొనేవాళ్లు ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీసి, తాము కొంటున్నది ఆ తనఖాలో ఉన్న ఫ్లాటేమో చూసుకోవాలి.

ఓసీ లేకపోయినా గృహప్రవేశాలు ఆగడం లేదు, కరెంటూ వస్తోంది అని ఇన్నాళ్లూ అనుకున్నాం. మీరట్‌లోని ఒక అక్రమ నిర్మాణం కేసులో 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీన్ని మార్చే తీర్పు. అనుమతి పొందిన ప్లాన్‌ను నిర్మాణ స్థలంలో బోర్డు పెట్టి చూపించాలని, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని పరిశీలించాకే భవనాల మీద అప్పులివ్వాలని కోర్టు చెప్పింది. ఎన్నో ఏళ్లు గడిచాయనో, ఎంతో డబ్బు పెట్టామనో చెప్పి అక్రమాన్ని సక్రమం చేసుకోలేరని కూడా స్పష్టం చేసింది.

"ఇంటి పన్ను కడుతున్నాం కదా" అన్న ధీమా కూడా నిలవదు. పర్మిషన్ లేని కట్టడానికి పన్ను వేసినంత మాత్రాన అది సక్రమం కాదు. పైగా అదనపు భారం పడుతుంది. సెట్‌బ్యాకుల్లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన జాగాల్లో, ఉల్లంఘన 10 శాతం లోపైతే పన్ను మీద 25 శాతం, దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తులకు 100 శాతం అదనంగా వడ్డించే నిబంధన ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉంది. ఏటా రెట్టింపు పన్ను కడుతూ, ఏ రోజైనా నోటీసు రావచ్చన్న భయంతో బతకడం అది.

ఇంకో ఆశ, ప్రభుత్వం ఎప్పుడో ఒకసారి క్రమబద్ధీకరణ పథకం తెస్తుందిలే అని. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ అనే పథకం వచ్చింది, 2015లో తెలంగాణలో బీఆర్‌ఎస్ అనే భవనాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. ప్రతి పథకానికీ ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. 2015 పథకం హైకోర్టుకెక్కి దరఖాస్తుదారులను ఏళ్ల తరబడి వేచి ఉండేలా చేసింది. రాబోయే పథకం మీద భరోసాతో ఈరోజు పిల్లర్ లేపేవాళ్లకు ఆ కటాఫ్ ఏ తేదీ అవుతుందో తెలిసే అవకాశమే లేదు. ఇలాంటి పథకాలు రూల్ ప్రకారం జాగా వదిలి కట్టినవాడికి అన్యాయం చేస్తున్నాయని నేను నమ్ముతాను.

ఇప్పటికే కట్టేసి, నోటీసు వచ్చి కంగారుపడుతున్నవాళ్లు చేయాల్సింది ఒకటుంది. నోటీసు తీసుకోకుండా తప్పించుకోవడం వల్ల లాభం లేదు, గోడకు అంటించి వెళ్లినా అందినట్టే. జీహెచ్‌ఎంసీ పరిధిలో మామూలుగా ముందు 452 సెక్షన్ కింద సంజాయిషీ అడుగుతారు. జవాబు చూశాక ఉత్తర్వు ఇస్తారు, కూల్చివేత 636 సెక్షన్ కింద ఆ తర్వాత వస్తుంది. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు దేశమంతటికీ మార్గదర్శకాలిస్తూ కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఉండాలని చెప్పింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల వంటి చోట్ల ఆక్రమణలకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. అందుకే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. దానికి పర్మిషన్ ప్లాన్, ఫీజు రసీదులు, కొలతలు వేసిన ఇంజినీరు రిపోర్టు జత చేయాలి. తేడా 10 శాతం లోపు ఉంటే ఆ మాట అంకెలతో సహా రాయాలి. ఎక్కువుంటే ఏ భాగం మనమే తొలగించగలమో చెప్పి సమయం అడగాలి. జవాబు అందినట్టు ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోవాలి. విషయం కోర్టుకు వెళితే లాయరు మొదట అడిగే కాగితాల్లో అదొకటి.